సల్లారని నీళ్లు

మే నెల రెండో వారం. బడులకు సెలవులు. పొద్దున మహబూబ్‌నగర్‌లో ఎక్కిన బస్సు కోస్గిలో భాగ్యలక్ష్మిని దింపేసరికి పదిన్నర దాటింది. అప్పటికే రోడ్డు మీది తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆమె చేతిసంచిలో పైన మామిడిపండ్లు, వాటి కింద పాత చీర ముక్కలో చుట్టిన రెండు థర్మామీటర్లు ఉన్నాయి. హెడ్మాస్టరుకు చెప్పి బడి ల్యాబులోంచి తెచ్చుకుంది.

ఆమె అన్న గోపయ్య బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చదివింది పదో తరగతే. ఏడేండ్ల కింద ఫోన్‌లో ఏదో వీడియో చూసిన నాటి నుంచి ఆయనకొక పిచ్చి పట్టుకుంది. గాజు జాడీలో నీళ్లు పోసి, చిటికెడు పొటాషియం ఉప్పు కలిపి, నికెల్ తీగ ముంచి సన్నగా కరెంటు పంపితే, ఇచ్చిన కరెంటుకు మించి వేడి పుడుతుందట. సూర్యుడి కడుపులో జరిగేదే జాడీలో నెమ్మదిగా జరుగుతుందట. పెద్ద పెద్ద సైంటిస్టులు ఇది అయ్యేది కాదని ఎప్పుడో వదిలేశారు. వదలనివాళ్లు ఎక్కడెక్కడో రేకుల షెడ్లలో ఇంకా తంటాలు పడుతూనే ఉన్నారు. గోపయ్య వాళ్లలో ఒకడు.

భాగ్యలక్ష్మి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. ఈ ఏడేండ్లలో అన్న ఎన్నోసార్లు "వచ్చింది చెల్లె!" అని ఫోన్ చేశాడు. ఆమె వచ్చి చూసిన ప్రతిసారీ ఏదో ఒక తప్పు దొరికింది. ఒకసారి మీటరే తప్పు. ఒకసారి ఆవిరైపోయిన నీళ్లను లెక్కలో కలపలేదు. ఇంకోసారి కిటికీలోంచి ఎండ తిన్నగా జాడీ మీద పడుతోంది. గోపయ్యకు ఎన్నడూ కోపం వచ్చేది కాదు. "నువ్వు ఒప్పుకున్ననాడే వచ్చినట్టు" అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

ఈసారి ఫోన్‌లో ఆ సంబరం లేదు.

"కరెంటు తీసేసి మూడు దినాలాయె చెల్లె. ఇంకా సల్లారలే."

"థర్మామీటర్ ఖరాబైనట్టుంది అన్నా."

"నువ్వొచ్చి చూడు. జర జల్ది రా."

ఇంటి గేటు తీసిన భాగ్యలక్ష్మి అక్కడే ఆగిపోయింది. వాకిట్లో, నెత్తి మాడే ఎండలో, తాండూరు బండల మీద వదినె నర్సింగమ్మ కూర్చొని ఉంది. ఒంటి మీద గొంగడి. మెడ దాకా చుట్టుకొని, రెండు చేతులతో అంచులు బిగించి పట్టుకుంది.

"ఏమైంది వదినె? జరమొచ్చిందా?"

"జరం కాదు భాగ్యా. సలి." నర్సింగమ్మ పెదవులు నల్లబడి ఉన్నాయి. "దవాఖానల అన్ని పరీక్షలు చేసిన్రు. ఏం లేదన్నరు. ఆ రూముల నుంచి బయట కూసుంటే జర పానం మంచిగనిపిస్తాంది."

"ఏ రూముల నుంచి?"

నర్సింగమ్మ తలతోనే ఇంటి వెనుక షెడ్డు వైపు చూపింది. "మీ అన్నను బయటికి తీస్కరా. నా మాట ఇంటలేడు."

వైండింగ్ షెడ్డులో ఎప్పటి వాసనే. వార్నీషు, కాలిన రాగితీగ, గ్రీజు. రేకుల కప్పు కింద ఈ వేళకు నిప్పుల కొలిమిలా ఉండాల్సిన గది. భాగ్యలక్ష్మి లోపలికి అడుగుపెట్టగానే ఒళ్లు హాయిగా చల్లబడింది. కూలర్ పెట్టించాడేమో అనుకుంది. చుట్టూ చూసింది. కూలర్ లేదు. ఫ్యాన్ కూడా తిరగడం లేదు.

గోపయ్య స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. సంక్రాంతికి చూసినప్పటికి ఇప్పటికి సగమయ్యాడు.

"ఒచ్చినవా చెల్లె. చూడు. తప్పెక్కడుందో పట్టు."

బల్ల మీద థర్మోకోల్ పెట్టె, అందులో లీటరు పట్టే గాజు జాడీ. పీకేసిన వైర్లు రెండూ గోడకు వేలాడుతున్నాయి. భాగ్యలక్ష్మి పెట్టె ఎత్తి కింద చూసింది. బల్ల వెనుక చూసింది. ఏ తీగా లేదు. తన థర్మామీటర్ ముంచింది. అరవై ఒకటి. రెండోది ముంచింది. అరవై ఒకటి.

ఆమె నోట్‌బుక్ తీసి ప్రతి అయిదు నిమిషాలకు ఒకసారి రాయసాగింది. గంట గడిచింది. జాడీ ఒక్క డిగ్రీ కూడా దిగలేదు. నిజం చెప్పాలంటే ఆ గంటలో ఆమెకు భయమే కలగలేదు. గుండె పెళ్లిపందిట్లో డప్పులా కొట్టుకుంది. నా అన్న, పదో తరగతి చదివిన మోటార్ల గోపయ్య, సాధించాడు అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నా, నిజమే అనిపిస్తాంది..."

గోపయ్య నవ్వలేదు.

"రూముది గూడ చూడు" అన్నాడు.

గోడ మీది థర్మామీటర్ చూసింది. ఇరవై మూడు. గుమ్మం బయట చేయి పెడితే మండిపోతోంది. ఆమె వచ్చినప్పుడు గదిలో ఇరవై ఆరు ఉన్నట్టు నోట్‌బుక్‌లోనే రాసి ఉంది.

భాగ్యలక్ష్మి కలం ఆగింది. వేడి ఎప్పుడూ వేడి వస్తువులోంచి చల్లని వస్తువులోకే పోతుంది. ఇరవై ఏండ్లుగా పిల్లలచేత వల్లె వేయిస్తున్న మాట. ఇక్కడ గది చల్లబడుతోంది. జాడీ కాగుతోంది. వేడి ఎదురు నడుస్తోంది.

గోపయ్య లేచి జాడీ మీదికి వంగాడు. అరవై ఒకటి... అరవై మూడు. వెనక్కి జరిగాడు. అరవై ఒకటి.

"ఇప్పుడు నువ్వు రా" అన్నాడు మెల్లగా.

ఆమె వంగింది. అరవై అయిదు... అరవై ఎనిమిది. వేళ్ల చివర్లు మొద్దుబారాయి. చటుక్కున వెనక్కి జరిగింది. అన్న చేయి పట్టుకుంది. నీళ్ల రంజన్ కింది తడి ఇసుకను ముట్టుకున్నట్టుంది. థర్మామీటర్ ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. పందొమ్మిది.

బతికున్న మనిషి చేయి...

"ఏ నీళ్లు పోసినవ్ అన్నా?"

గోపయ్య జాడీ మీద గాజు మూత బోర్లించాడు.

"అన్నా. నిన్నే అడుగుతున్న."

"అన్ని నీళ్లు చూసిన చెల్లె. నల్లా నీళ్లు, వాన నీళ్లు, ఫిల్టర్ నీళ్లు. ఏం రాలే. మొన్న మాఘమాసంల మన పాత చెల్క దిక్కు పోయిన. బాయిలన్నీ ఎండినయి. సైదమ్మ బాయి ఒక్కదాంట్లనే అడుగున ఇన్ని నీళ్లున్నయి. తెచ్చి పోసిన. అప్పటి సంది..."

సైదమ్మ. ఆ పేరు విని ముప్పై మూడేండ్లయింది. భాగ్యలక్ష్మికి అప్పుడు పన్నెండేండ్లు. మగడు పోయిన మనిషి, ఒంటిచేత్తో సేద్యం చేసుకునేది. ఆ రోజుల్లో కరెంటు రాత్రిపూటే ఇచ్చేవాళ్లు. పుష్యమాసంలో మోటారు వేయడానికి పోయి, కాలుజారి బావిలో పడింది. పైపు పట్టుకొని తెల్లారేదాకా మెడ లోతు నీళ్లలో వేలాడింది. జనం పైకి తీసేసరికి ప్రాణం ఉంది. పళ్లు టకటక కొట్టుకుంటూ ఏదో చెప్పబోయిందట. ఎండ పొడ తగలకముందే పోయింది.

"నేను పక్క చెల్కల పల్లి చేనుకు కావలున్న ఆ రాత్రి" అన్నాడు గోపయ్య. గొంతు గుసగుసలోకి దిగింది. "ఇనపడ్డది చెల్లె. 'ఎవరన్న ఉన్నరా... ఎవరన్న ఉన్నరా...' అని. ఆడగొంతు. బాయిలకెల్లి. నేను దయ్యమనుకున్న. గొంగడి నెత్తినిండ కప్పుకున్న. తెల్లారేదాక అట్లనే పన్న."

భాగ్యలక్ష్మి నోట్‌బుక్ మూసింది.

"ఎవలకు చెప్పలే. మీ వదినెకు గూడ చెప్పలే."

అప్పుడు వినిపించింది. సన్నగా. బల్ల మీద నుంచి. జాడీకి పైన బోర్లించిన గాజు మూత అంచుకు కొట్టుకుంటోంది. టక... టక... టకటక... నీళ్లు మరగడం లేదు. బుడగ లేదు. ఆవిరి లేదు. మూత మాత్రం వణుకుతోంది. చలికి దవడలు కొట్టుకున్నట్టు.

గదిలో వార్నీషు వాసన పోయింది. నాచు వాసన. తడి బండల వాసన.

"పారబోద్దాం అన్నా. ఇప్పుడే. బయట ఎండల పారబోద్దాం."

"వద్దు." గోపయ్య ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "పారబోస్తే మల్ల ఆమెను బాయిల ఏసినట్టే. ఒక్కటే అడుగుతాంది చెల్లె. జర వెచ్చగ కావాలంటాంది. గంతే. ఆనాడు నేను పోలే..."

"నువ్వు సస్తవ్! వదినె సస్తది!"

"నర్సింగిని లోపలికి రానిస్తలేను ఇప్పుడు. నేనొక్కన్నే సాలు."

అంటూనే వెనక్కి తిరిగి, రెండు చేతులతో జాడీని పొదివి పట్టుకున్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకున్నాడు.

మూత చప్పుడు ఆగింది.

థర్మామీటర్ ఇంకా జాడీలోనే ఉంది. డెబ్భై... డెబ్భై ఆరు... ఎనభై నాలుగు. ఆయన చేతులు కాలలేదు. గోళ్లు నీలమయ్యాయి. నోట్లోంచి పొగ వచ్చింది... మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మనిషి నోట్లోంచి చలిపొగ.

"అన్నా, విడువు!"

ఆమె భుజాలు పట్టి లాగింది. కదలలేదు. వేళ్లు ఒక్కొక్కటే పెరికింది. చివరికి మోచేత్తో జాడీని గట్టిగా కొట్టింది. అది బండల మీద పడి పగిలింది. తొంభై డిగ్రీల నీళ్లు ఆమె రెండు పాదాల మీద పడ్డాయి.

ఐసు నీళ్లు.

గోపయ్య అట్లాగే కూలిపోయాడు. ఆమె కేకలకు నర్సింగమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చెరో చేయి పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చారు. అరికాళ్లు బొబ్బలెక్కే బండల మీద పడుకోబెట్టారు. గొంగడి కప్పారు. చేతులు రుద్దారు. నడినెత్తిన సూర్యుడు, ఒంటి కింద కాలే రాయి... అయినా ఆయన ఒళ్లు వేడెక్కలేదు. ఒకసారి కళ్లు తెరిచి చెల్లెలి దిక్కు చూశాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఏదో చెప్పబోయాడు. రాలేదు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయేసరికి అంతా అయిపోయింది. డాక్టరు నాడి చూసి, చేయి పట్టుకొని, ఎందుకో వెంటనే వదిలేశాడు. ఆ నెలలో జిల్లా అంతా ఎండకు రాలిపోతున్న జనమే. కాగితం మీద వడదెబ్బ అని రాశారు. భాగ్యలక్ష్మి కాదనలేదు. కాదని ఏమని చెబుతుంది?

షెడ్డుకు తాళం వేశారు. నర్సింగమ్మకు వారం తిరగకుండానే వణుకు తగ్గింది, ఆకలి పుట్టింది. తన దగ్గరికి వచ్చి ఉండమని భాగ్యలక్ష్మి ఎంత బతిమాలినా ఆమె ఇల్లు వదలనంది. భాగ్యలక్ష్మి తిరిగి బడికి పోయింది. తొమ్మిదో తరగతికి ఉష్ణం పాఠం వచ్చినప్పుడు ఆ నాలుగు పేజీలు పక్క సెక్షన్ సారుతో చెప్పించింది.

డిసెంబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున నర్సింగమ్మే ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది.

"ఈడ ఒకటే సలి భాగ్యా. ఇట్లాంటి సలి నా పుట్టువల చూడలే. మా గల్లీలనే ఈ వారంల ముగ్గురు పోయిన్రు. ఎదురింటి అవ్వ రాత్రి బువ్వ తిని మంచిగనే పన్నదట. తెల్లారి చూస్తే కట్టె లెక్క అయ్యింది."

"అయ్యో. నువ్వు పైలం వదినె. ఒక్కదానివే ఉంటవాయె. నాలుగు దుప్పట్లు కప్పుకో."

"నాకేం ఫికర్ లేదు. దుప్పటే కప్పుకుంటలేను." నర్సింగమ్మ చిన్నగా నవ్వింది. "పక్కల పంటె రెండు దిక్కుల వెచ్చగుంటాంది. ఒక దిక్కు మీ అన్నే అని నాకెరుకే."

భాగ్యలక్ష్మి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"రెండో దిక్కు, వదినె?"

అవతల మంచం కిర్రుమన్న చప్పుడు.

"నేను అడగలే భాగ్యా" అంది నర్సింగమ్మ, పక్కన పడుకున్నవాళ్లకు నిద్ర చెడుతుందన్నంత మెల్లగా. "నువ్వు గూడ అడగకు."