ఊడొచ్చే వైర్లు

మంచాల వైపు వెళ్లే మొదటి బస్సు హారన్ కొట్టేసరికే బుగ్గమ్మ వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. ఇబ్రహీంపట్నంలోని ఆ ఇంట్లో శనివారం పొద్దున ఎవరికీ తొందర ఉండదు. మనవరాలు స్టెల్లాకు ఆదిబట్లలో ఉద్యోగం, వారానికి రెండు రోజులు సెలవు. కొడుకు పరమేష్‌కైతే ఇప్పుడు ఏ రోజూ తొందర లేదు. అతని టీవీ రిపేరు దుకాణం మూతపడి నాలుగేళ్లయింది.

చాప మీద బాసింపట్టు వేసుకుని స్టెల్లా ఫోన్ చూస్తోంది. చుట్టూ అట్టపెట్టెలు. ఉద్యోగం చేస్తూనే ఆమె వీడియో గేములకు బొమ్మలు గీసే పని నేర్చుకుంటోంది. చిన్నప్పటి నుంచీ గేములంటే పిచ్చి కూడా. రెండేళ్లు జీతంలో దాచుకుని, ఒక్కో భాగం తెప్పించుకుని సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కడుతోంది. పాత కంప్యూటర్‌ను పోయిన వారమే విప్పేసింది.

"ఇంకేం కొంటున్నవ్ బిడ్డా?" అంది బుగ్గమ్మ, చాయ్ గ్లాసు అందిస్తూ.

"పవర్ సప్లై ఒక్కటే మిగిలింది నాయినమ్మా. గోడకెళ్లి వచ్చే కరెంటును లోపలున్న అన్నిటికీ పంచేది. ఇగో, గిది తీసుకుందామనుకుంటున్న. మాడ్యులర్ అంటరు. వైర్లన్నీ ఊడొస్తయ్. కావాల్సినయే పెట్టుకోవచ్చు. లోపల చిక్కు ఉండదు, గాలి మంచిగ ఆడుతది."

బుగ్గమ్మ కళ్లు చికిలించి ఫోన్‌లోకి చూసింది. "మీద పసుపు చీటేంది?"

"గోల్డ్ అని, దాని రకం."

"బంగారమా! తులమెంతనట?"

స్టెల్లా పకపకా నవ్వింది. గుమ్మంలో పేపరు పట్టుకుని కూర్చున్న పరమేష్ మాత్రం నవ్వలేదు.

"ఊడొచ్చే వైరు ఎప్పటికన్న లూజైతది," అన్నాడు తల ఎత్తకుండానే. "జాయింటు ఎంత తక్కువుంటే మిషిను అంత మంచిగుంటది."

"గవన్నీ పాత ముచ్చట్లు బాపూ. ఇప్పుడు గట్ల లేదు. నేను వారం నుంచి చదువుతున్న, వీడియోలు చూస్తున్న."

"పాతదాంట్ల తీసిన సప్లై ఉండె గద. దాని వైర్లు గూడ ఊడొచ్చేవే."

"అది ఇంత పెద్ద గ్రాఫిక్స్ కార్డును మోయలేదు. ఏడు వందల యాభై వాట్లు కావాలె. నీకు తెల్వదులే."

ఆ చివరి మాట ఆమె మామూలుగానే అంది. పరమేష్ పేపరు మడిచి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఒకప్పుడు పట్నం రోడ్డు మీద అతని దుకాణం తెలియనివాళ్లు లేరు. పిడుగు పడి పోయిన టీవీలను చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో తెచ్చేవాళ్లు. లో వోల్టేజీ రోజుల్లో అతను సొంతంగా చుట్టి కట్టిన స్టెబిలైజర్లు యాచారం దాకా పోయేవి. స్టెల్లా బడి నుంచి నేరుగా దుకాణానికే వచ్చి, రంగు గీతలు చూసి రెసిస్టర్లను డబ్బాల్లోకి ఏరేది. సోల్డరింగ్ గన్ పట్టుకుంటానని మారాం చేస్తే, "చెయ్యి కాలుతది బిడ్డా, పెద్దగైనంక" అనేవాడు. ఆమె పెద్దదయ్యేలోపు టీవీలు పలచబడి గోడలకెక్కాయి. చెడిపోతే బాగుచేయించడం మాని జనం కొత్తవి కొనుక్కున్నారు. తర్వాత జ్వరమని దవాఖానకు వెళ్లిన భార్య వనిత తిరిగి రాలేదు. ఆ నెలలోనే పరమేష్ దుకాణం తాళంచెవి ఓనరు చేతిలో పెట్టేశాడు.

అప్పటి నుంచి ఇంట్లో వనిత మాట ఎవరూ ఎత్తరు. తండ్రి ముందు ఎత్తితే తట్టుకోలేడని స్టెల్లాకు భయం. స్టెల్లా భయం స్టెల్లాకుంటే, పరమేష్ భయమేమిటో ఎవరూ అడగలేదు.

గురువారం సప్లై వచ్చింది. ఆదివారం చర్చి నుంచి రాగానే స్టెల్లా దాన్ని పెట్టెలో బిగించింది. సాయంత్రానికి ఫ్యాన్లు తిరిగి, తెర వెలిగింది. బుగ్గమ్మ చప్పట్లు కొట్టింది. పరమేష్ దూరం నుంచే చూసి, "మంచిగున్నది" అన్నాడు. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కును కూడా స్టెల్లా అందులో బిగించింది గానీ కరెంటు వైరు ఇవ్వలేదు. దాని వైరున్న సంచి ఆమె బీరువాలో ఉండిపోయింది. వచ్చే ఆదివారం చూద్దామనుకుంది.

మంగళవారం ఆరు గంటలకు ఆఫీసు బస్సు దిగి ఇంటికొచ్చి, స్టెల్లా బటన్ నొక్కింది. ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. పక్క మూత తీయగానే కాలిన వాసన గుప్పున కొట్టింది. హార్డ్ డిస్కుకు ఒక నల్లటి వైరు తగిలించి ఉంది. అది కొత్త సప్లైది కాదు, పాతదానిది.

"ఇదెవరు పెట్టిండ్రు?"

బుగ్గమ్మ కూర తరగడం ఆపింది. పరమేష్ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నేనే. సరిగ్గ కూసున్నది గదా అని..."

"కూసుంటది బాపూ! బయట మూతి ఒక్క తీరే ఉంటది, లోపల వైర్ల వరుస కంపెనీకో తీరుంటది! ఒకదాని వైరు ఇంకోదానికి పెట్టొద్దని డబ్బా మీదనే రాసుంది. ఐదు వోల్టులు పోవాల్సిన కాడ పన్నెండు పోయింది. డిస్కు కాలిపోయింది!" ఆమె చేతిలోని మూతను నేల మీద పడేసింది. "అమ్మ వీడియోలన్నీ దాంట్లనే ఉన్నయ్. నా పాత ఫోన్ ఎప్పుడో పోయింది. ఇంకో కాపీ లేదు. తీసి పెట్టుకుందామనుకుంటనే ఉన్న..."

పరమేష్ వంగి ఆ నల్లటి వైరును ఊడదీశాడు. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

"నీకేంది! అమ్మ పోయినంక ఒక్కనాడన్న ఆమె పేరు తీసినవా? ఒక్కసారన్న ఆ వీడియో పెట్టు బిడ్డా అన్నవా? నువ్వు మరిచిపోయినవ్. నాకు అదొక్కటే ఉండె!"

"స్టెల్లా!" బుగ్గమ్మ కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. "నోరు మూస్కో బిడ్డా. నీకేం ఎరుక? నువ్వు డ్యూటీకి పోంగనే వాడు రోజు ఆ డబ్బా ముంగట కూసుంటడు. నాలుగేండ్ల సంది చూస్తున్న. నువ్వు దాన్ని విప్పినప్పటి సంది వానికి బువ్వ సయిస్తలేదు."

స్టెల్లా తండ్రి వైపు చూసింది.

పరమేష్ గోడకు ఆనుకున్నాడు. "అది తగిలిస్తే పాత తెర వస్తది, మీ అమ్మ కనిపిస్తదనుకున్న," అన్నాడు మెల్లగా. "ముప్పై ఏండ్లు పని చేసిన. మీటరు పెట్టి చూడకుండ ఒక్క వైరు గూడ తగిలియ్యలే. ఇయ్యాల చూడలే. ఎందుకో... ఆగబుద్ధి కాలే."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున స్టెల్లా సెలవు పెట్టింది. హైదరాబాద్‌లో డేటా తీసేవాళ్ల దగ్గరికి డిస్కు పట్టుకుపోదామని గది బయటకొచ్చేసరికి, పరమేష్ కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఇనుప పెట్టె తెరిచి ఉంది. నాలుగేళ్లుగా ఎవరూ ముట్టని మీటరూ, సోల్డరింగ్ గన్నూ బల్ల మీదికొచ్చాయి. డిస్కు అడుగున ఉండే ఆకుపచ్చ బోర్డును విప్పి పెట్టుకున్నాడు.

"బాపూ, ఏం చేస్తున్నవ్?"

"లోపలి చక్రం జోలికి పోలే, ఫికర్ చెయ్యకు. జర ఇటు రా." మీటరు వైరు మొన ఒక చిన్న నల్ల ముక్కకు ఆనించాడు. మీటరు కీచుమంది. "విన్నవా? షార్టయింది. ఇది డయోడు. ఎక్కువ కరెంటొస్తే మిగిలినదాన్ని కాపాడనీకి ముందుగాల్ల ఇదే కాలుతది. మన పాత టీవీలల్ల గూడ ఉండేది. దెబ్బంత ఇదే మోసుకుంటే లోపల బతికే ఉండాలె."

స్టెల్లా గబగబా ఫోన్ తీసి వెతికింది. డిస్కు పేరు, బోర్డు నంబరు కొట్టి చూసింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అవ్ బాపూ! ఇక్కడ గూడ గట్లనే రాసిండ్రు. ఆ ముక్క తీసేసి, సరైన వైరు పెట్టి, లెవ్వంగనే అంతా కాపీ చేస్కోవాలెనంట. ఎవ్వరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్తరు? మీటరే చెప్పింది."

గన్ వేడెక్కింది. పరమేష్ అద్దాలు సవరించుకుని వంగాడు. మొన ఆ ముక్క దగ్గరికి వెళ్లి ఆగింది. బియ్యపు గింజంత ముక్క. పక్కనే అంతకంటే సన్నవి మరో పది. అతను వెనక్కి జరిగాడు.

"కన్ను ఆనుతలేదు," అని గన్ ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. "నువ్వు పట్టు."

"నాకు రాదు బాపూ. ఇప్పటిదాంక ఎన్నడు పట్టలే."

"నేను పట్టనియ్యలే. నాదే తప్పు. పట్టు."

అతను ఆమె మణికట్టు కింద తన చేయి ఆనించాడు. "గట్టిగ ఒత్తకు. ఒక కొస వేడి చెయ్యి... ఆఁ... మెరుస్తది చూడు, గప్పుడు ఇంకో కొస. ఊపిరి బిగవట్టకు బిడ్డా. ఇడిసిపెట్టు." స్టెల్లా కళ్లలో నీళ్లు తిరిగి ముక్క మసకబారింది. రెప్ప కొట్టి మళ్లీ చూసింది. రెండో కొస కరిగింది. పరమేష్ సన్న పట్టకారుతో ఆ ముక్కను తీసి బల్ల మీద పెట్టాడు.

బోర్డు మళ్లీ బిగించారు. స్టెల్లా బీరువాలోంచి కొత్త సప్లైతో వచ్చిన వైరు తెచ్చింది. ఈసారి పరమేష్ దాని ప్రతి పిన్నుకూ మీటరు పెట్టి చూశాకే తగిలించనిచ్చాడు. ఆమె బటన్ నొక్కింది. అతను డిస్కు మీద వేలు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"తిరుగుతున్నది," అన్నాడు.

తెర మీద డిస్కు పేరు కనిపించగానే స్టెల్లా ముందు కాపీ పెట్టింది. గంటన్నర పట్టింది. అంతసేపూ ఇద్దరూ కుర్చీల నుంచి కదలలేదు. బుగ్గమ్మ వాళ్లకు చేతుల్లోకే అన్నం ముద్దలు పెట్టింది.

"నువ్వు ఏది చూస్తుంటివి బాపూ?" అని అడిగింది స్టెల్లా, కాపీ అయ్యాక.

"ఉన్నది అదొక్కటే గద. తెర మీద బొమ్మ నొక్కితే వచ్చేది. దుకాణం ముంగట మక్కకంకి తినుకుంట నవ్వుతది చూడు."

స్టెల్లా కుర్చీని అతని వైపు తిప్పుకుంది. "ఒక్కటేనా? నాలుగేండ్లు ఆ ఒక్కటే చూసినవా?"

"ఇంకేమున్నయ్?"

ఆమె ఒక ఫోల్డరు తెరిచింది. తెర నిండా చిన్న చిన్న బొమ్మలు పరుచుకున్నాయి. అన్నిట్లోనూ వనిత. అరవై ఒకటి.

"నన్ను అడగకపోతివి బాపూ."

"అడిగితే నువ్వు ఏడుస్తవని."

"నేను పెడితే నువ్వు ఏడుస్తవని ఊకున్న," అంది స్టెల్లా. అని, అతని భుజం మీద తల పెట్టి నిజంగానే ఏడ్చింది. పరమేష్ కాసేపు ఆమె తల నిమిరాడు. తర్వాత వేలు చూపించి, "గది పెట్టు. దాంట్ల వనిత కనిపిస్తలేదేంది?" అన్నాడు.

"అది అమ్మనే తీసింది. నా ఫోన్ తీస్కొని."

వీడియో మొదలైంది. దుకాణం. బల్ల నిండా విప్పిన టీవీ. దాని వెనక ముక్కు మీదికి జారిన అద్దాలతో, పెదవుల మధ్య రెండు స్క్రూలతో పరమేష్. జుట్టు ఇంకా నల్లగా ఉంది. ఫోన్ పట్టుకున్న వనిత గొంతు మాత్రమే వినిపిస్తోంది.

"చూడు స్టెల్లా, మీ బాపు. పొద్దటి సంది గిట్లనే. బువ్వ చల్లారిపోయింది. పిలిస్తే పలకడు, చూడు... ఓ స్టెల్లా బాపూ!"

తెర మీది పరమేష్ తల ఎత్తలేదు.

"చూసినవా? చెవుల్ల గూడ స్క్రూలే ఉన్నయేమో." చిన్న నవ్వు. "మంచోడే గని... ఓ స్టెల్లా బాపూ! ఒక్కసారి ఇటు చూడరాదు!"

తెర మీది పరమేష్ అప్పుడూ తల ఎత్తలేదు.

"చూస్తున్ననే," అన్నాడు పరమేష్, కుర్చీలో ముందుకు వంగి. చెంపల మీద కారుతున్నది తుడుచుకోలేదు. "చెప్పు. ఇంటున్న."