గిన్నె కోసం వచ్చాను

ఆ రోజు మధ్యాహ్నం బ్రిట్టా ట్రేలో మొక్కజొన్న అలాగే మిగిలిపోయింది. బడి క్యాంటీన్‌లో వడ్డించేది నేనే కాబట్టి నాకు తెలుసు. మొక్కజొన్న వదిలే పిల్ల కాదది. రెండోసారి అడిగి మరీ వేయించుకునే రకం.

దాని ఎదురుగా టిల్డా కుర్చీ ఖాళీగా ఉంది. మూడు రోజులుగా అంతే. టిల్డావాళ్ల తాత ఆదివారం పొద్దున చనిపోయాడు.

ఓకర్లండ్ టీచర్ అటుగా వచ్చి ఆగింది.

"టిల్డాతో మాట్లాడావా, బ్రిట్టా?"

"మాట్లాడాను టీచర్. క్లాస్ గ్రూపులో ఏడుపు బొమ్మ పెట్టాను. మూడు గుండె బొమ్మలు కూడా పెట్టాను."

"ఏమంది?"

బ్రిట్టా ఫోర్కుతో గింజల్ని అటూ ఇటూ నెట్టింది. "ఏమీ అనలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయింది. పది మెసేజ్‌లు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. నాతో ఇంక మాట్లాడదేమో."

నాకు జాలేసింది. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు.

ఆ తాత సంగతి చెప్పాలి. మా మిన్నెసోటా చలికి ఏటా తన పెరట్లో గొట్టంతో నీళ్లు పోసి, పొర మీద పొర గడ్డకట్టించి, స్కేటింగ్‌కి చోటు తయారుచేసేవాడు. బ్రిట్టాకీ టిల్డాకీ స్కేటింగ్ నేర్పింది ఆయనే. వాళ్లు పడితే నవ్వేవాడు కాదు. "అయ్యో, నేలకి దెబ్బ తగిలిందా?" అని అడిగేవాడు. ఏడవబోయిన పిల్లలు నవ్వేవాళ్లు.

సాయంత్రం బ్రిట్టా ఇంటికి వెళ్లేసరికి వాళ్లమ్మ హాట్‌డిష్ చేస్తోంది. ఖీమా, బీన్సు, పైన వరసగా పేర్చిన బంగాళాదుంప ముక్కలు. అన్నీ గాజు గిన్నెలో వేసి ఓవెన్‌లో పెడతారు. మా ఊళ్లో ఎవరింట్లో మనిషి పోయినా ఇదే పట్టుకెళ్తాం. గిన్నె అడుగున టేపు అంటించి పేరు రాస్తాం. లేకపోతే ఏ గిన్నె ఎవరిదో ఎలా తెలుస్తుంది?

"కోటు తియ్యకు. టిల్డావాళ్లింటికి వెళ్దాం," అంది అమ్మ.

"నేను చెప్పేశానుగా అమ్మా. మళ్లీ వెళ్లి ఏం చెప్పాలి?"

"ఏం చెప్పావో చూపించు."

బ్రిట్టా ఫోన్ ఇచ్చింది. అమ్మ వేలితో పైకి జరుపుతూ పోయి ఒకచోట ఆగింది. ఫోన్ బ్రిట్టా ముందు పెట్టింది.

ఏడుపు బొమ్మ. మూడు గుండెలు. సరిగ్గా వాటి కింద, పది నిమిషాల తర్వాత, బ్రిట్టాయే పెట్టిన వీడియో ఉంది. వాళ్ల పిల్లి బట్టల బుట్టలో తలకిందులుగా పడుతోంది. దాని కింద ఇరవై రెండు నవ్వు బొమ్మలు. ఆ తర్వాతి వరసలో, టిల్డా గ్రూపు వదిలేసిందని ఉంది.

బ్రిట్టా ముఖం పాలిపోయింది. "అది పెట్టేటప్పుడు నాకు టిల్డా గుర్తే లేదమ్మా," అని ఏడ్చేసింది.

అమ్మ దగ్గరికి తీసుకుంది. "గుండె బొమ్మ పెట్టేశాక పని అయిపోయినట్టే ఉంటుంది. నేనూ ఆదివారమే పెట్టాను. ఇవాళ బుధవారం. ఇప్పుడు వెళ్తున్నాను."

"అది నా ముఖం చూడనంటే?"

"అంటే విందాం. విని వద్దాం."

తలుపు టిల్డాయే తీసింది. తాత స్వెట్టర్ వేసుకుంది, మోకాళ్ల దాకా వేలాడుతోంది. పెద్దవాళ్లు లోపలికి వెళ్లారు. తాత పోయాడని టిల్డావాళ్లమ్మ పెట్టిన పోస్టు కింద నూట నలభై గుండెలున్నాయి. భోజనాల బల్ల మీద మాత్రం మూడే గిన్నెలు. దాచడం దేనికి, ఆ గుండెల్లో ఒకటి నాది. గిన్నెల్లో నాది లేదు. నేనుండేది పక్కింట్లోనే.

బ్రిట్టా గుమ్మంలోనే నిలబడింది.

"పిల్లి వీడియో పెట్టాను," అంది. "పెట్టకుండా ఉండాల్సింది."

"ఫోన్ మోగుతూనే ఉంది," అంది టిల్డా. "అందరూ నవ్వుతున్నారు. మా అమ్మ ఏడుస్తోంది."

"తప్పయిపోయింది."

టిల్డా స్వెట్టర్ చేతుల్ని లాక్కుంది. "ఎవరు బెల్లు కొట్టినా నువ్వే అనుకున్నాను. మూడు రోజులూ."

బ్రిట్టాకి మళ్లీ ఏడుపొచ్చింది. టిల్డాకీ వచ్చింది. కాసేపు ఇద్దరూ అక్కడే ముక్కులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"మీ పెరట్లో స్కేటింగ్ చోటంతా మంచు పేరుకుపోయిందేంటి?" అంది బ్రిట్టా.

"తియ్యడానికి తాత లేడుగా."

బ్రిట్టా మూలనున్న పార అందుకుంది. టిల్డా రెండోది తెచ్చింది. నేను మా వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సగం తీసేసరికి బ్రిట్టా కాలు జారి దబ్బున కూలబడింది. టిల్డా పార పట్టుకుని బ్రిట్టా మీదికి వంగింది.

"అయ్యో, నేలకి దెబ్బ తగిలిందా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే టిల్డా కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. తర్వాత వెళ్లి ఓవెన్ వెలిగించాను.

వాళ్లు బయల్దేరుతుంటే టిల్డావాళ్లమ్మ, "గిన్నె రేపు కడిగి పంపిస్తాను," అంది.

"పంపొద్దు," అంది బ్రిట్టా. "నేనే వస్తాను."

మర్నాడు బస్సు దిగి నేరుగా వచ్చింది. "గిన్నె కోసం వచ్చాను." "ఇంకా ఖాళీ కాలేదు," అంది టిల్డా. ఇద్దరూ స్కేట్లు వేసుకుని పెరట్లోకి పోయారు. శుక్రవారం మళ్లీ వచ్చింది. "ఇంకా కడగలేదు." శుభ్రంగా కడిగి బోర్లించిన గిన్నె నాకు ఇక్కడినుంచే కనిపిస్తోంది, అడుగున టేపుతో సహా.

మార్చిలో పెరట్లో మంచు కరిగిపోయింది. స్కేట్లు అటకెక్కాయి. ఆ రోజూ బ్రిట్టా వచ్చి బెల్లు కొట్టింది.

"గిన్నె కోసం వచ్చాను."

టిల్డా తలుపు బార్లా తీసింది. "లోపలికి రా. ఇంకా ఆరలేదు."