చెయ్యి మలుపు

మా ఇళ్ల దగ్గర రైలు వంతెన కింది నుంచి బయటికొచ్చాక రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపుది బైపాస్‌కి పోతుంది. ఎడమవైపుది... చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు.

ఆ దారిలో ఒక మలుపుంది. మలుపులో మూసేసిన మూడంతస్తుల మేడ ఉంది. కిటికీలకి అద్దాల్లేవు. గేటుకి గొలుసు, గొలుసుకి తుప్పు. దాన్ని మేం చెయ్యి మలుపు అంటాం.

ఎందుకంటే, రాత్రిపూట కారు లైట్లు ఆ మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన ఒక తెల్లటి ఆకారం కనబడుతుంది. కుడి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటుంది. అరవదు, ఏడవదు. ఎత్తిన చెయ్యి దించదు... అంతే.

ఆ చెయ్యి చూసినవాళ్లింట్లో తెల్లారేలోగా ఒక ప్రాణం పోతుంది.

ఇది గాలికబురు కాదు. సిమెంటు కొట్టాయన చూశాడు, తెల్లారేసరికి తండ్రి పోయాడు. చివరి వీధి టైలరమ్మ చూసింది, భర్త దక్కలేదు. స్కూలు బస్సు డ్రైవరు చూశాడు. ఆయన తమ్ముడికి ముప్పై ఏళ్లు కూడా లేవు.

నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మకపోయినా రాత్రిపూట ఆ దారిన పోను. రెండూ వేరువేరు సంగతులు.

ఇప్పుడు చెప్పేది మా పక్కింటి మాస్టారికి జరిగింది. ఆయన నోటితో ఆయన చెప్పగా విన్నదే. నేను కలిపింది లేదు.

ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. నిద్రలో కూడా "క్లచ్చి... క్లచ్చి తొక్కు" అంటాడని వాళ్లక్కే ఆయనకి క్లచ్చి మాస్టారని పేరు పెట్టింది. ఆ అక్కే ఆయన్ని పెంచింది. అక్క కూతురికి ఇక్కడి పోస్టాఫీసులో ఉద్యోగం రావడంతో ముగ్గురూ మా పక్కింట్లో దిగారు. అప్పటికి రెండు నెలలే అయింది. ఊరు వాళ్లకింకా కొత్త.

మాస్టారి సొంత కారులో స్టీరింగు పక్కన పెద్ద తెర ఉండేది. కారుతో పాటే వచ్చిన మ్యాపు. కారు వయసు ఏడేళ్లు, మ్యాపు వయసూ అంతే. కొత్త మ్యాపు ఎక్కించుకోమని షోరూం నుంచి రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ పెట్టేశాడు. దాని మీద మేనమామకీ మేనకోడలికీ రోజూ తగువే. నేను మా అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి.

"మావయ్యా, నీ కారులో మ్యాపు ముసలిదైపోయింది. నా మాట విని ఫోన్ పెట్టుకో."

"ఏటేటా కొత్త మ్యాపు ఎందుకే? రోడ్లకి కాళ్లొచ్చి లేచిపోతాయా?"

"రోడ్లు పోవు. రోడ్డు పక్కనున్నవి పోతాయి."

"నీ ఫోనుకి సిగ్నలుండాలి, చార్జింగుండాలి, దాని బుద్ధి బాగుండాలి. నా కారుకి నెత్తి మీద ఆకాశం ఉంటే చాలు."

ఆయన మాటకీ ఒక కారణముంది. అంతకుముందు నెల ఫోన్ని నమ్మి ఒక సందులోకి పోతే, అది తిన్నగా ఒకాయన స్నానం చేస్తున్న పెరట్లో తేలిందట. పక్కన నేర్చుకునే అమ్మాయి. ఒంటి నిండా సబ్బుతో ఉన్న ఆయన చెంబు ఊపుతూ "ఇంకొంచెం రానీ... కుడికి కొయ్యి" అని దారి చెబుతుంటే, అరగంట వెనక్కి నడుపుకుంటూ వచ్చాడట.

లోపల్నుంచి అక్కగారు అనేది, "మీరిద్దరూ తేల్చుకునేలోపు నేను నడిచి వెళ్లొస్తాను."

ఆఖరిసారి ఆ మాట అన్న వారానికి, రాత్రి ఒంటిగంటన్నరకి, ఆవిడకి ఊపిరాడలేదు.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలన్నారు. మాస్టారు అక్కని ఎత్తుకొచ్చి కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. మేనకోడలు తల్లి తలని ఒళ్లో పెట్టుకుంది. ఆయన తెర మీద ఆసుపత్రి గుర్తు నొక్కాడు.

దగ్గరి ఆసుపత్రి — రెండు కిలోమీటర్ల మూడొందల మీటర్లు.

"ఫోను తొమ్మిది చూపిస్తోంది మావయ్యా. బైపాస్ మీద ఉందట."

"రెండులో ఉండగా తొమ్మిది పోతామా?"

"ఆ రెండులోది నా ఫోనులో లేదు..."

"ఉండదు. దానికేం తెలుసు?"

వంతెన కిందికి వచ్చేసరికి ఫోను మీద చిన్న సున్నా గిర్రున తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. కారు తెర మాత్రం నిలకడగా వెలుగుతోంది... ఎడమకి తిరగండి.

వెనక సీట్లో ఊపిరి ఈలలా వినబడుతోంది.

"మావయ్యా, కుడికే పోదాం. ఒక్కసారి నా మాట విను."

ఆయన ఎడమకి తిప్పాడు.

అది ఏ దారో ఇద్దరికీ తట్టలేదు. రోడ్డు పక్క ఒక్క దీపం లేదు. ఒక్క మనిషి లేడు. ఆసుపత్రికి పోయే దారిలో మందుల దుకాణమైనా ఉండాలిగా, అనుకుంటూనే ఉన్నాడట. ఇంతలో మలుపొచ్చింది. లైట్లు గేటు మీద పడ్డాయి. గొలుసు. తుప్పు. నల్లటి కిటికీలు.

తెర నెమ్మదిగా చెప్పింది, "మీరు ఆసుపత్రికి చేరుకున్నారు."

అప్పుడు కనబడింది... ఎత్తిన చెయ్యి.

కారు దానంతటదే ఆగిపోయింది. మాస్టారు క్లచ్చి వదిలేశాడు. పాతికేళ్లుగా లోకానికి క్లచ్చి నేర్పినవాడు.

ఆ ఆకారం కదిలింది. తెల్లగా, సన్నగా... దగ్గరికొచ్చింది. పెదాలు ఆడుతున్నాయి, మాట వినబడటం లేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. రెండో చేత్తో అద్దం మీద కొట్టింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

మాస్టారి వేలు అద్దం దించే మీట మీదికి పోయింది. ఎందుకు పోయిందో ఆయనకే తెలీదు.

"దించొద్దు మావయ్యా..." వెనక నుంచి గుసగుసగా. "దించొద్దు. పోనియ్యి."

దాని వెనకే ఇంకా సన్నటి గొంతు. "ఆగరా... ఏదో చెబుతోంది."

అది అక్క గొంతు. అక్క మాట ఎప్పుడూ కాదనని మనిషి, ఆ రాత్రి కాదన్నాడు. మళ్లీ స్టార్టు చేసి, కారు తిప్పి, ఎటు పోతున్నాడో చూసుకోకుండా పోయాడు. అద్దంలో ఆ ఆకారం కొంత దూరం కారు వెనకాల పరిగెత్తింది. ఆ తర్వాత చీకటి.

దారి తప్పారు. ఇరవై నిమిషాలు ఇటుకబట్టీల మధ్య తిరిగారు. ఫోనుకి ప్రాణమొచ్చి దారి చూపించింది. బైపాస్ ఆసుపత్రికి చేరేసరికి ఈల శబ్దం ఆగిపోయి ఎంతసేపైందో ఎవరూ చెప్పలేకపోయారు.

"ముందే తెచ్చుంటే?" అని డాక్టర్ని అడిగాడు మాస్టారు.

"చెప్పలేమండీ," అన్నాడాయన.

బతికేది అంటే ఏడ్చేవాడు. బతికేది కాదు అంటే ఊరుకునేవాడు. చెప్పలేమన్న మాటతో మనిషి ఏం చేస్తాడు?

వీధంతా ఒకటే అనుకుంది, చెయ్యి మళ్లీ ఒకరిని తీసుకుపోయిందని. నేనూ అదే అన్నాను. సిమెంటు కొట్టాయన తండ్రి, టైలరమ్మ భర్త, బస్సు డ్రైవరు తమ్ముడు, వాళ్ల తర్వాత మాస్టారి అక్క.

పక్కింట్లో మాటలాగిపోయాయి. మేనకోడలు వండి పెట్టేది, పోస్టాఫీసుకి పోయేది, వచ్చేది. కుడికి పోదామన్నానుగా అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండునని మాస్టారు ఎదురుచూశాడు. ఆ పిల్ల ఆయన మొహంకేసి చూడటమే మానేసింది.

ఐదో వారం, ఒక పగటిపూట, మాస్టారు ఆ మలుపుకి ఒక్కడే పోయాడు.

గేటు మీద బోర్డుంది. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలు, చేటంత.

ఆసుపత్రి ఇక్కడ లేదు. వెనక్కి తిరిగి, వంతెన దగ్గర కుడికి పొండి. బైపాస్ మీద ఉంది.

ఆ బోర్డు రంగు వెలిసి ఉంది. ఆ రాత్రి కూడా అక్కడే ఉండాలి. కారు లైట్లు తిన్నగా దాని మీదే పడి ఉండాలి. వాళ్లు చెయ్యి చూశారు, బోర్డు చూడలేదు.

కాపలా గదిలోంచి ఒక ముసలామె వచ్చింది. ఆసుపత్రివాళ్లిచ్చిన పాత తెల్లకోటు వేసుకుని ఉంది. నాలుగేళ్ల కిందట ఆసుపత్రి బైపాస్ మీదికి మారినప్పుడు, వయసైపోయిందని వదిలేసి వెళ్లిన ఆయా.

"అప్పుడు నేను పగలూ రాత్రీ నిద్రపోయేదాన్నయ్యా," అంది ఆమె. "ఒక రాత్రి గేటు బాదుతున్నారు. లేచేసరికి ఆలస్యమైంది. చంటిపిల్ల... అప్పట్నుంచి రాత్రుళ్లు పడుకోను. పాత కార్లు కొన్ని ఇంకా ఇక్కడికే వస్తాయి, ఆసుపత్రి ఉందని. కంగారులో పాత అలవాటున ఊరివాళ్లూ కొందరు వస్తారు."

"చెయ్యెందుకు ఎత్తుతారు?"

"ఆగమనీ... ఇటు కాదు, అటు అనీ. ఇంకెలా చెప్పను? నా గొంతు అద్దం దాటదు."

"ఆగినవాళ్లున్నారా?"

"ఎందుకు లేరు? ఆగుతారు, దారి వింటారు, పోతారు. బతికారో లేదో తెలీదు. పనైనవాళ్లు మళ్లీ ఇటు రారుగా." ఆమె రోడ్డుకేసి చూసింది. "మొన్నామధ్య ఒక కారు... వెనక ఒకావిడ పడుకుని ఉంది. నాకేసే చూస్తోంది. వాళ్లు తిప్పేశారు. పరిగెత్తాను గానీ, ఈ మోకాళ్లతో ఎంత దూరమని?"

అది నేనే అని మాస్టారు చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకి తెలిసిపోయిందనుకుంటాను. లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చిందట.

ఆలోచించండి. అర్ధరాత్రి ఆ గేటు ముందుకి కారు ఎవరిది వస్తుంది? ఇంట్లో ఒకరు చావుబతుకుల్లో ఉన్నవాళ్లది. చెయ్యి చూడటం వల్ల ప్రాణాలు పోలేదు. పోయే ప్రాణాన్ని వెనక సీట్లో పెట్టుకొచ్చినవాళ్లే ఆ చెయ్యి చూశారు.

సిమెంటు కొట్టాయన్ని ఎవరూ అడగలేదు, ఆ వేళప్పుడు అటెందుకు పోయావని. టైలరమ్మని నేనూ అడగలేదు. అడిగితే కథ పోతుంది.

ఆ సాయంత్రం మాస్టారు మా అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఆ మేడ ఒకప్పుడు ఏంటో మీకు తెలుసా?"

"తెలుసు. ఆసుపత్రి."

"మాకు చెప్పినప్పుడు మేడ అన్నారు."

వాళ్లు ఇంట్లో దిగిన మూడో రోజు, ఇదే అరుగు మీద, చెయ్యి మలుపు కథ వాళ్లకి చెప్పింది నేనే. ఆసుపత్రి అని తెలిసే మేడ అన్నాను. ఎప్పుడూ అలాగే చెబుతాను. ఆసుపత్రి అంటే జనానికి మందుల వాసన గుర్తొస్తుంది, భయం తగ్గిపోతుంది. మూసేసిన మేడ అంటే వెన్ను జలదరిస్తుంది. ఇందాక మీకూ మేడ అనే చెప్పాను.

ఆ ఒక్క మాట మార్చకపోయి ఉంటే, పాత ఆసుపత్రి మూతపడిందని వాళ్లకి తెలిసి ఉండేది. వంతెన దగ్గర కుడికి తిప్పేవాళ్లు.

మాస్టారు తల ఊపి, లోపలికెళ్లిపోయాడు.

కార్ల కంపెనీకి ఉత్తరం రాశాడు. వచ్చే ఏడాది మ్యాపులో సరిచేస్తామని జవాబొచ్చింది. కానీ ఆ కొత్త మ్యాపు ఎక్కించుకునేదెవరు? ఎక్కించుకోని తనలాంటివాళ్లెందరో. ఫోనులో తప్పుంటే ఒకచోట దిద్దితే అందరికీ దిద్దుకుంటుంది. రోడ్ల మీద తిరిగే పాత కార్లలో ఒక్కోదాని కడుపులో ఒక్కో పాత ఊరుంది. వాటన్నిటికీ ఎవరు చెబుతారు?

అందుకని రాత్రి పదకొండింటికి ఆయనే అక్కడికి పోవడం మొదలెట్టాడు. దెయ్యమనుకోకుండా, మెరిసే పట్టీలున్న నారింజరంగు కోటు వేసుకుని. ఆయా కాసేపు పడుకునేది, ఆయన నిలబడేవాడు. ఆయన పడుకుంటే ఆమె.

నెల తర్వాత ఒక శనివారం రాత్రి, మేనకోడలు ఫ్లాస్కుతో టీ పట్టుకుని అక్కడికి వచ్చింది. ఇద్దరూ కారులో కూర్చున్నారు. తెర మీద ఆసుపత్రి గుర్తు ఇంకా అక్కడే వెలుగుతోంది. ఆయన దాన్ని మార్పించలేదు.

టీ పోసిస్తూ ఆ పిల్ల నోరు విప్పింది.

"దించొద్దన్నది నేను, మావయ్యా."

మాస్టారు ఆ పిల్లకేసి తిరిగాడు.

"నీ వేలు మీట మీదే ఉంది. నేను చూశాను. అమ్మ ఆగమంది. నేనే పోనియ్యమన్నాను. నువ్వు ఆ మాట ఎప్పుడంటావోనని, నీ మొహం చూడలేక..."

మాస్టారు ఏదో అనబోయాడు. మలుపు అవతల లైట్లు కనబడ్డాయి. ఇద్దరూ కారు దిగారు.

ఇదీ జరిగింది.

ఇప్పుడు ఆ మలుపులో మూడు దెయ్యాలున్నాయని చెప్పుకుంటున్నారు. ఒకటి తెల్లది, ఒకటి నారింజరంగుది. శనివారాలు మాత్రం కారులో ఇంకొకటి కూర్చుని ఉంటుందట, మొహం మీద నీలం వెలుగుతో.

మీకెవరైనా ఈ కథ చెబితే వాళ్లతో వాదించకండి. అది మేడ కాదు, పాత ఆసుపత్రి అని మాత్రం చెప్పండి. అక్కడ ఎత్తిన చెయ్యి కనబడితే, అద్దం దించమనండి.