నిదానంగా పోతే వినబడే చప్పుడు

మా మౌనిక కారులో చప్పుడు వస్తోందని మొదట విన్నది నేనే. టిక్కు, టిక్కు, టిక్కు. ఎడమవైపు ముందు చక్రం దగ్గర. చక్రం ఊడిపోయే ముందు ఇలాగే మొదలవుతుందేమో అనుకున్నాను. అది ఊడి, కారు పల్టీ కొట్టి, బీడు పొలంలో పడి... అంతవరకు ఊహించేసరికి పెట్రోలు బంకు వచ్చింది.

మౌనిక కుందుర్పిలో పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. కంబదూరు నుంచి రోజూ సెకండ్ హ్యాండ్ కారులో పోయి వస్తుంది. పొద్దున్నే ఊరి చివర బంకు దాకా నేనూ వెనక సీట్లో కూర్చుని వెళ్లి, అక్కడ దిగి నడిచి వస్తాను. కారు క్షేమంగా ఊరు దాటిందని కళ్లతో చూస్తే తప్ప నాకు పొయ్యి వెలిగించబుద్ధి కాదు.

చప్పుడు సంగతి చెబితే మౌనిక నవ్వింది. రోడ్డెక్కాక తనకు ఒక్కరోజు కూడా వినబడలేదంది.

"నీకు చప్పుడు వినబడని బండి యాడన్నా ఉండాదామా?"

ఆదివారం పట్టుబట్టి బంకుకు కొంచెం ఇవతల, ఎదురు పక్కన కొత్తగా పెట్టిన షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ పేరు గిరి. ఇరవై ఏడేళ్లుంటాయి. మోచేతుల దాకా గ్రీజు. కారు తీసుకుని రోడ్డు మీద రెండు చుట్లు జోరుగా తిప్పాడు. ఏమీ లేదు. మౌనిక గెలిచినదానిలా చేతులు కట్టుకుని, రిపేరు మా అమ్మ చెవులకు కావాలేమో చూడమంది.

గిరి నవ్వలేదు. "అమ్మకు వినబడిందంటే ఉండాది మేడం. స్పీడులో వినబడనిది నిదానంలో వినబడుతుంది. మీరు నడపండి, నేను పక్కన వస్తా."

అలా మొదలైంది. మౌనిక ఫస్టు గేరులో పోతుంటే అతను నడుము వంచి, చక్రం దగ్గర చెవి పెట్టి పక్కనే నడిచాడు. తర్వాత వేగంగా నడిచాడు. తర్వాత పరిగెత్తాడు. ఎందుకంటే మా అమ్మాయి కాలు మెల్లమెల్లగా ఎక్సలేటరు మీద బరువెక్కుతోంది.

"మేడం, నేను చక్రాన్ని వింటాండా. మీరు నన్ను ఉరికిస్తాండారు."

"నీ ఇంజను కండిషన్ కూడా చూస్తాండానప్పా."

వెనక సీట్లో ఉన్న నాకు అద్దంలో దాని ముఖం కనిపించింది. రెండేళ్లలో అయిదు సంబంధాలు చూశాం. ఒక్కడి ముందూ ఆ ముఖం అలా వెలగలేదు. అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. మా వైపు వాన పెళ్లిచూపులకు వచ్చినట్టు వస్తుంది. చూసి, ఇంటికి పోయి చెబుతామని వెళ్లిపోతుంది. ఆ నాలుగు చినుకులకే మౌనిక కారు షెడ్డు ముందు ఆపి, లోపలికి పరిగెత్తి, తలుపు దగ్గర నిలబడి అతన్ని చూస్తోంది.

గిరి చక్రం మీది ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. లోపల చెయ్యి పెట్టి ఆగాడు. తర్వాత మౌనికకు కనబడకుండా పిడికిలి నా ముందు తెరిచాడు. రాగి తాయెత్తు. దానికి తెగిన నల్లదారం.

అది నాదే. కారు కొన్నప్పుడు నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లదారం అన్నీ అద్దానికి కట్టాను. రోడ్డు కనబడటం లేదని మౌనిక అన్నీ పీకేసి, ఇంకొక్కటి కట్టినా బంకు దాకా కూడా ఎక్కించుకోనంది. అందుకే ఆంజనేయస్వామి తాయెత్తు తెచ్చి, ఆ మూత సందులోంచి దూర్చి మూడు ముళ్లు వేశాను. అది తెగి పడుతుందని నాకేం తెలుసు? నిదానంగా పోతే లోపల దొర్లి కొట్టుకుంటుందట. జోరుగా పోతే అంచుకు అంటుకుపోయి మాట్లాడదట.

"దానికి చెప్పొద్దు నాయనా," అన్నాను.

అతను తాయెత్తు జేబులో వేసుకుని, రాయి ఇరుక్కుందని మౌనికకు చెప్పాడు.

మౌనిక తెలివితక్కువది కాదు. రాయి చూపించమంది. అతను కింద నుంచి ఒకటి తీసిచ్చాడు. మౌనిక దాన్ని తిప్పి చూసి, మూత సందు వంక చూసి, "ఇంత రాయి ఆ సందులో యాడ దూరుతుందప్పా?" అంది. గిరి తల వంచుకున్నాడు. నా వైపు ఒక్కసారి చూసి ఉంటే దొంగ ఎవరో దానికి తెలిసిపోయేది. చూడలేదు.

ఇంటికి వస్తూ మౌనిక, అతను లేని రిపేరు పుట్టించి ఆడపిల్లల్ని మళ్లీ రప్పించుకునే రకమని తేల్చేసింది.

తర్వాత నాలుగు రోజులు కారు చప్పుడు లేకుండా నడిచింది, మౌనిక కూడా. బంకు దగ్గర గిరి ఏ జీపు కిందినుంచో లేచి నిలబడేవాడు. మౌనిక అద్దం ఎక్కించేది. నాలుగో రోజు నేను దిగగానే అతను రోడ్డు దాటి వచ్చి, చప్పుడు పోయిందా అమ్మా అని మాత్రం అడిగాడు. పోయింది నాయనా అన్నాను. కారు కనబడనంత దూరం పోయినా అతను అటే చూస్తున్నాడు.

మౌనికకు జరగరానివి ఎన్ని ఊహించుకున్నానో నాకే లెక్క లేదు. వాటిలో నా వల్ల జరిగేది ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున కారు కదలగానే చెప్పేశాను. తాయెత్తు, మూడు ముళ్లు, నేను బతిమాలడం, అతను నా కోసం దొంగమాట మొయ్యడం, అన్నీ. మౌనిక నడిరోడ్డు మీద బ్రేకు వేసింది. ముందు గొర్రెల మంద పోతోంది. అక్కడే దించేస్తుందని చీర కొంగు సర్దుకున్నాను.

మంద మొత్తం దాటింది. మౌనిక అద్దంలో నా వైపు చూసింది.

"మూడు ముళ్లేసినా తెగిందా?"

"తెగింది."

"దారం మంచిది కొనాల్లమా," అంటూ నవ్వి, కారు నేరుగా షెడ్డు ముందు ఆపింది.

గిరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మౌనిక ముఖం గంభీరంగా పెట్టింది.

"చప్పుడు ఇంకా వస్తాండాది."

"ఎడమవైపేనా మేడం?"

"ఏ వైపో నువ్వే విని చెప్పు."

పాపం, మళ్లీ నడుము వంచాడు. కారు కదిలింది. చప్పుడు లేదని నాకు తెలుసు, మౌనికకూ తెలుసు.

"వినబడతాందా?"

"లేదు మేడం."

"మేడం అంటే వినబడదు."

అతని నడక ఆగింది. కారూ ఆగింది. అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు వంచిన నడుము నిటారుగా చేసి, చాలా మెల్లగా, "మౌనికా," అన్నాడు.

నేను దిగాను. బంకు ఇంకా ఇరవై అడుగులుంది. ఉండనీ.

"బయట ఉరికితే ఏం వినబడుతుంది నాయనా, లోపల కూర్చో. కుందుర్పి దాకా పోయి విను. వచ్చేటప్పుడు బస్సు ఉంటుంది."

అతను జేబులోంచి తాయెత్తు తీశాడు. దానికి కొత్త దారం కట్టి ఉంది. ఇది ఎక్కడ పెట్టాలని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మౌనిక చెయ్యి చాచి తీసుకుని, తనే అద్దానికి కట్టింది. గిరి పక్క సీట్లో కూర్చున్నాడు.

కారు మలుపు తిరిగేదాకా చెవులు రిక్కించి విన్నాను. టిక్కు లేదు, టక్కు లేదు. ఇంత చప్పుడు లేకుండా పోతే గొర్రెలు ఎట్లా పక్కకు తప్పుకుంటాయని అప్పుడు భయం పట్టుకుంది.