బుగ్గ మీద చుక్క, తెర మీద చుక్క

"నా పుట్టుమచ్చ ఏదండీ?"

ఫొటో కవరును స్టూడియో కౌంటర్ మీద విసిరినంత పని చేశాడు ఎదురు షాపు కంప్యూటర్ మెకానిక్. ఫొటోలకు మెరుగులు దిద్దే అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. అతని ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ నిక్షేపంగా ఉంది. ఫొటోలో మాత్రం బుగ్గ నున్నగా మెరుస్తోంది.

"అయ్యో! వారం నుంచీ ఎవరి ఫొటో తెరిచినా నల్లచుక్కలేనండీ. లెన్స్ మీద దుమ్మనుకుని అన్నీ తుడిచేస్తున్నా. కొన్ని పోతున్నాయి, కొన్ని పోవట్లేదు."

"పోయింది నాదన్నమాట! సాయంత్రానికి ఈ ఫొటో సంబంధం వాళ్లకి పంపాలి. మా అమ్మ నా ప్రాణం తీస్తుంది."

సంబంధం అనగానే ఆమె మనసు చివుక్కుమంది. రోజూ షట్టరు ఎత్తుతూ తను దొంగచాటుగా చూసే మొహం అది. ఆ మొహాన్ని ఇంకెవరికో అప్పగించాలంటే ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

"ముందు మీ చుక్కల సంగతి తేలుద్దాం," అంటూ అతను కుర్చీ లాక్కున్నాడు. స్క్రీన్‌షాట్ తీసి తన ఫోనుకు పంపుకున్నాడు. అందులో ఒక్క చుక్కా లేదు.

"ఫొటోల తప్పు కాదు, లెన్స్ తప్పూ కాదు. రోగం మీ మానిటర్‌దే."

"ఇదిగో, ఇక్కడ చూడండి," అని ఆమె ఒక చుక్కను వేలితో నొక్కబోయింది. అతను గభాలున చెయ్యి పట్టుకున్నాడు.

"నొక్కకండి! అది నడుస్తోంది!"

చుక్క నిజంగానే తాపీగా పక్కకు జరిగింది. వెలుతురు కోసం తెరలోకి దూరిన బుల్లి పురుగులవి. నొక్కితే అక్కడే చచ్చి, మచ్చలుగా ఉండిపోతాయట.

ఒంటి చేత్తోనే మానిటర్ ఆపి, కర్టెన్లు మూసి, తెర అంచు దగ్గర టేబుల్ లైటు పెట్టాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"నా చెయ్యి వదల్లేదు మీరు," అందామె మెల్లగా.

"మీరు లాక్కోలేదుగా!"

పురుగులు ఒక్కొక్కటే లైటు వైపు వచ్చేశాయి. మానిటర్ వేస్తే తెర అద్దంలా ఉంది.

"హమ్మయ్య! ఇక నా మచ్చ నాకు పెట్టేయండి."

ఆమె మౌస్ ముట్టుకోలేదు.

"పెట్టను. ఫొటో వెళ్తే ఆ అమ్మాయికి మీరు నచ్చేస్తారు. అప్పుడు నేనేం కావాలి?"

అతను మొహమంతా నవ్వై ఫోన్ తీశాడు.

"అమ్మా, ఫొటో పంపట్లేదు. నువ్వే స్టూడియోకి రా. ఫొటో కోసం కాదే, అమ్మాయిని చూద్దువుగాని."

అవతలి గొంతు గదంతా వినిపించింది. "ఆ ఎదురు స్టూడియో పిల్లేనా? ఇన్నాళ్లకి నోరు పెగిలిందా నీకు! చెప్పులేసుకుంటున్నా, ఆ పిల్లని ఎక్కడికీ వెళ్లనివ్వకు."