సూదిగదిలో చెయ్యి

ఆ గదిలో రాత్రిపూట సూదిమందు కలపరాదు. అలాగని ఏ గోడ మీదా రాసి లేదు. అయినా ఆ సర్కారు దవాఖానాలో పనిచేసిన వారు ఆ కట్టుబాటును మీరేవారు కారు. ఇద్దరు నర్సులు మాత్రం మీరారు. ఇద్దరూ తెల్లవారకముందే సంచులు సర్దించుకుని వెళ్లిపోయారు.

అశ్వారావుపేట దాటి, పామాయిల్ తోటలు వెనకబడ్డాక, టేకుచెట్లు రోడ్డుకు రెండు పక్కలా దగ్గరికి జరిగే చోట ఉండేది ఆ దవాఖానా. మూడు గదులు, ఒక వరండా. చిట్టచివరిది సూదిగది. అక్కడ దీపం పెట్టుకుని మందు కలుపుతూ ఉంటే — చీకట్లోంచి ఒక ఆడ చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంటుందట. చల్లటి చెయ్యి... తడి చెయ్యి. మందు నేల పాలయ్యేదాకా విడవదట.

ఆ చెయ్యి ప్రమీల సిస్టరుదని అందరి నమ్మకం. నేను చెప్పబోయే రాత్రికి ఎనిమిదేళ్ల కిందట, జ్వరంతో వచ్చిన ఒక కోయ పిల్లకు ఆమె ఆ గదిలోనే పొడిమందు కలిపి నరానికి ఎక్కించింది. సూది బయటికి తీయకముందే పిల్ల ప్రాణం పోయింది. వరండాలో ఉన్నవాళ్లు ప్రమీలను జుట్టు పట్టి ఈడ్చారు. ఆమె ఎలాగో విడిపించుకుని, వానలో, వాగు వైపు పరుగెత్తింది. మూడో నాడు ఆమె తెల్లకోటు రెల్లుపొదకు చిక్కుకుని కనబడింది. మనిషి కనబడలేదు.

ఈ సంగతి నాకు చెప్పినది ఆతియా అనే నర్సు. చెబుతున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నేను విన్నది విన్నట్టుగా ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఆతియాది ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి. రెండువేల నాలుగులో, వానలు ముమ్మరమైన రోజుల్లో, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ దవాఖానాకు వచ్చింది. ఆమెను ఆదరించినవారు లేరు. మందుల లెక్క చూసే ఫార్మసిస్టు వెంకటనారాయణను అక్కడ అందరూ మందుల సారు అనేవారు. ఆయన ఆమె ముఖం వంకైనా చూడకుండా, ఎన్నాళ్లు ఉంటావని మాత్రం అడిగాడు. గదులు ఊడ్చి తుడిచే ముత్తక్క అదీ అడగలేదు.

"రాత్రి గా గదిలకు పోకు సిస్టరమ్మా. పోయినోళ్ల సంచులు నేనే సర్దిన. నీది గూడ నేనే సర్దాల్నా ఏంది?"

అది పరిహాసమో, బెదిరింపో ఆతియాకు బోధపడలేదు. ముత్తక్క ముఖంలో నవ్వు అనేది ఆమె తొలి మూడు వారాల్లో చూడలేదు. ఆయమ్మను ఆ కొలువులో పెట్టించినది మందుల సారేనని మాత్రం తెలిసింది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. వాన ఆగలేదు. డాక్టరు రవీందర్ గారు భద్రాచలంలో మీటింగుకు వెళ్లి, వాగు పొంగడంతో అవతలి ఒడ్డునే చిక్కుకుపోయారు. మందుల సారు నాలుగు గంటల బస్సుకే అశ్వారావుపేట వెళ్లిపోయాడు. దవాఖానాలో ఉన్నది ఆతియా, ముత్తక్క.

ఎనిమిది గంటలప్పుడు మంచం ఒకటి వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. వెనక పది పన్నెండు మంది... కొందరి చేతుల్లో గొడ్డళ్లు.

మంచం మీద జంపక్క. గుడిసెలో నేల మీద పడుకుని ఉండగా కట్లపాము వేలి మీద కాటు వేసింది. గాటు కూడా సరిగా కనబడదు. కానీ ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి. ఎత్తమంటే ఎత్తలేకపోతోంది. మాట ముద్దగా, ముక్కులోంచి వస్తోంది.

టెలిఫోను అప్పటికి ఇంకా పలుకుతూనే ఉంది. డాక్టరు గారు చెప్పవలసినది గబగబా చెప్పారు. విరుగుడు మందు పది వయల్స్ కరిగించాలి. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. ఒళ్లు దద్దురు తేలితే వెయ్యవలసిన సూది ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. "శ్వాస చూస్తూ ఉండమ్మా..." అంటుండగానే లైను తెగింది.

విషానికి విరుగుడు మందు చిన్న గాజుసీసాలో ఎండిన పొడిగా ఉంటుంది. దానిని నీళ్లతో కరిగించాలి. వరండాలో జల్లు కొడుతోంది, జనం తోసుకుంటున్నారు. శుభ్రమైన బల్ల ఉన్నది ఒక్క సూదిగదిలోనే. మందు డబ్బాలున్నవీ అక్కడే.

ఆతియా లాంతరు అందుకుని, పక్కన నిలబడి వెలుగు చూపమని ముత్తక్కను అడిగింది. ముత్తక్క తల అడ్డంగా ఊపి, వెనక వసారా చీకట్లోకి వెళ్లిపోయింది.

సూదిగది గుమ్మానికి అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. జంపక్క పెనిమిటి, బొజ్జయ్య.

"గీ గదిల్నే నా చెల్లె పోయింది," అన్నాడు. కేక వెయ్యలేదు. గుసగుసగానే అన్నాడు. "గిప్పుడు నా పెండ్లాం. చూడు సిస్టరమ్మా... గామె వాగు దాక ఉరికింది. నువ్వు వాగు దాక గూడ పోవు."

ఆమె ఆయన పక్కనుంచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

లోపల తేమ వాసన. లాంతరు బల్ల మీద పెడితే వెలుగు బల్ల అంచు దాకానే పాకింది. దాని అవతల — నలుపు. వెనక వసారాలోకి ఉన్న తలుపు ఓరగా తెరిచి ఉందో, మూసి ఉందో కూడా తెలియడం లేదు.

చేతులు కడుక్కుంది. బల్లను స్పిరిటుతో తుడిచింది. పది డబ్బాలు వరసగా పేర్చింది. ఒక్కో డబ్బాలో రెండు గుంటలు: ఒకదానిలో పొడి ఉన్న వయల్, రెండోదానిలో దానిని కరిగించే నీళ్ల ఆంప్యూల్, మెడ విరిచి వాడే చిన్న గాజుసీసా.

నర్సింగు బడిలో ఆమెకు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. మందు పేరు మూడుసార్లు చదవాలి. బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేటప్పుడు ఒకసారి, సీసా కింద పెట్టేటప్పుడు ఒకసారి. ఆమె చదివింది. డబ్బా మీద పేరు చదివింది, గడువు తేదీ చదివింది, వయల్ మీది అక్షరాలు చదివింది. కానీ బయట ఎవరో తలుపు మీద గొడ్డలి కామతో కొడుతున్నారు... ఒక దెబ్బ... ఇంకొకటి. ఆ తొందరలో ఆంప్యూల్ మాత్రం చదవలేదు. దాని డబ్బాలో, దాని గుంటలో ఉన్న నీళ్లను అనుమానించేవారెవరు?

వయల్ రేకుబిళ్ల ఊడదీసింది. రబ్బరు మూతను స్పిరిటు దూదితో రుద్ది, తడి ఆరేదాకా ఆగింది. ఆంప్యూల్ మెడ విరిచింది. పది మిల్లీలీటర్లు సిరంజిలోకి లాగింది. సిరంజి నిలువుగా పట్టి, గోటితో మీటి, బుడగలను పైకి పంపింది.

సూదిమొనను రబ్బరు మీదికి దించింది.

లాంతరు ఆరిపోయింది.

గాలి లేదు. కిటికీ మూసే ఉంది. ఎవరో ఊదినట్టుగా... ఆరిపోయింది.

ఆ తరవాత — మణికట్టు మీద అయిదు వేళ్లు.

చల్లగా. తడిగా.

ఆమె లాక్కోబోయింది. ఆ వేళ్లు బిగిశాయి. మళ్లీ లాగింది. ఎముక నొక్కుకుపోయేలా బిగిశాయి. పైనుంచి ఊపిరి... ఎవరిదో ఊపిరి, వేడిగా, చెవి దగ్గర. ఆ చెయ్యి ఆమె చేతిని బల్లకేసి ఒక్కసారి కొట్టింది. సిరంజి నేల మీద పడింది.

వేళ్లు విడిచిపెట్టాయి.

"పట్టిందిరా..." తలుపు అవతల ఎవరో అన్నారు. "గీమెను గూడ పట్టింది."

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో బొజ్జయ్య, వెనక ఒకడి చేతిలో టార్చి. మందు పారబోశావా అని అడిగాడు. అడుగుతూనే ఒక అడుగు లోపలికి వేశాడు.

ఆ క్షణంలో పారిపోవడానికి వెనక తలుపు ఉంది, చీకటి ఉంది. అంతకుముందు ఇద్దరు ఆ దారినే వెళ్లారు. తాను వెళ్తే వరండాలో ఉన్న మనిషికి తెల్లవారదు. ఆతియా నాతో అన్నది ఇంతే: "నాకు దెయ్యం సంగతి తర్వాత గుర్తొచ్చింది సార్. నేలబడ్డ సిరంజి పనికి రాదు గదా, మొదటి నుంచి మొదలుపెట్టాలె గదా అన్నదొక్కటే అప్పుడు బుర్రల ఉంది."

"నీళ్లు పోయినయన్నా. మందు పోలే," అంది బొజ్జయ్యతో. "గా టార్చి నాకియ్యి."

ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడో ఆయనకూ తెలియదేమో.

మొదటి నుంచి మొదలుపెట్టడమంటే మళ్లీ చదవడం. విరిగిన ఆంప్యూల్ బల్ల మీదే ఉంది. టార్చి వెలుగులో దానిని తిప్పింది. నీలం అక్షరాలు, చీమల బారులా సన్నగా.

నీళ్లు కావు. పొటాషియం క్లోరైడ్.

ఎంతో పలచన చేసి, చుక్క చుక్కగా, లెక్కతో ఇవ్వవలసిన మందు. పది ఆంప్యూళ్లు ఒక్క గంటలో నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది. పాము ఇంకా కొంత వ్యవధి ఇచ్చింది; ఇది అదీ ఇవ్వదు.

ఒక్కొక్కటే చదివింది. పదింటిలో నీళ్లు మూడే. తక్కిన ఏడూ అదే. ఆ మూడింటిని కూడా ఆమె నమ్మలేదు. సీలు తియ్యని సెలైన్ బాటిల్ తీసుకుని, పేరు పైకి చదివి, దానిలోంచే కొత్త సిరంజితో లాగి, వయల్ గోడ వెంబడి మెల్లగా వదిలింది. తరవాత వయల్‌ను రెండు అరచేతుల నడుమ పెట్టుకుని దొర్లించసాగింది.

బొజ్జయ్య చూస్తున్నాడు. గొడ్డలి భుజం మీదనుంచి చేతిలోకి దిగింది.

"ఏంది గది? పాణం పోతాంటే ఆడుకుంటున్నవా? గిలకొట్టు. జల్దీ కరుగుతది."

"గిలకొడితే నురుగైతది అన్నా. నురుగైతే మందు సూదిల రాదు."

"నాకు నేర్పుతున్నవా?"

ఆమె అరచేతులు ఆపలేదు. పొడి కరిగి నీరు తేటపడ్డాక టార్చికి ఎదురుగా పెట్టి నలక ఏమైనా ఉందేమో చూసింది. వయల్ తలకిందులు చేసి, ముందు గాలి లోపలికి పంపి, మందు బయటికి లాగింది. రెండోది. మూడోది... పదో వయల్ అయ్యేసరికి మణికట్టు మీద అయిదు వేళ్ల కమిలిన గుర్తులు తేలాయి. బొజ్జయ్య వాటిని చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

మందు ఎక్కింది. రాత్రంతా ఆమె జంపక్క ఛాతీ మీదనుంచి కళ్లు తిప్పలేదు. ఆమె చుట్టూ గొడ్డళ్లు అలాగే ఉన్నాయి. మంచినీళ్లు ఇచ్చినవారు కూడా లేరు.

తెల్లవారుజామున వాన వెలిసింది. జంపక్క ఎడమ కనురెప్ప సగం లేచింది. కొంతసేపటికి రెండోది. ఎదురుగా ఉన్న మొగుణ్ని చూసి, ఎడ్లకు గడ్డి వేశావా అని ముద్దగా అడిగింది. వరండాలో ఒకడు గొడ్డలిని గోడకు ఆనించాడు.

ఆతియా చేతులు కడుక్కోవడానికి సూదిగదికి వెళ్లింది. మణికట్టు సలుపుతుంటే ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.

వాసన వచ్చింది. ఫినాయిల్ వాసన.

గదిలో ముత్తక్క గాజుపెంకులు ఏరుతోంది. ఆతియా చెయ్యి చాపి చూపించింది. ముత్తక్క ఆ గుర్తులను చూసి, నేల మీదే చతికిలబడింది.

పెద్దసార్లు తనిఖీకి వస్తున్నారంటే డబ్బాల్లో నీళ్ల సీసాలు తక్కువ కనబడతాయట. వాటిని ముందే వేరే సూదులకు వాడేస్తారు. మందుల సారు అచ్చం అలాంటి సీసాలు తెచ్చి, ఖాళీ గుంటల్లో పెట్టమని ముత్తక్కకు ఇస్తాడు. తనిఖీ అయ్యాక కొన్నిసార్లు తీయిస్తాడు. కొన్నిసార్లు మరిచిపోతాడు. ఆమెకు చదువు రాదు, ఏ డబ్బాలో ఏముందో పోల్చలేదు. పగలైతే నర్సులు చదువుకుంటారు. రాత్రి చదవరు.

"ప్రమీలమ్మ పక్కన దీపం పట్టుకున్నది నేనే," అంది. "గా సీస గుంటల పెట్టింది గూడ నేనే. నాకు గప్పుడే ఎరుకైంది బిడ్డా. గామెను ఈడుస్తాంటే... నేను నోరు తెరవలే."

"నోటితోని చెప్పరాదా ముత్తక్కా? గిట్ల చీకట్ల చెయ్యి పట్టుడేంది?"

"చెప్తే సారు నన్ను తీసేస్తడు," అంది ముత్తక్క. "దయ్యాన్నైతే ఎవలు తీసేస్తరు?"

దూరంగా, టేకుచెట్ల మలుపులో, మొదటి బస్సు హారన్ మోగింది. వాగు పొంగు తగ్గినట్టుంది.

గదిలో వెలుగు తగ్గింది. ఆతియా తల తిప్పి చూసింది. బొజ్జయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. గొడ్డలి మళ్లీ భుజం మీద ఉంది. ఆయన ఇద్దరిలో ఎవరి వంకా చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ, దారి అడిగే బాటసారిలా, మెల్లగా అడిగాడు.

"గా డబ్బాలు నింపిచ్చే సారు... గీ బస్సుకే వస్తడా?"