ఫెటువావో టీచర్ ఇచ్చిన హోంవర్క్

“చొక్కాలు అలా కుక్కకండి సార్, చుట్టి పెట్టాలి. ఏడాది ఉండి ఇదైనా నేర్చుకోలేదా?”

ఫెటువావో బ్యాగును తన ముందుకు లాక్కుంది. ఇయోపు బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని చాప మీద కూర్చున్నాడు. శనివారం పొద్దున పడవ. సమోవా దేశంలోని సవాయి దీవి నుంచి రాజధాని అపియాకి, అక్కణ్ణుంచి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కి విమానం. ఏడాదికని వచ్చిన మాస్టారికి ఏడాది అయిపోయింది.

ఊళ్ళో ఎవరు ప్రయాణమైనా బ్యాగు సర్దేది ఫెటువావోనే. పెళ్ళికి పూలు కట్టేదీ, చర్చికి తెరలు కుట్టేదీ ఆమే. మగపిల్లాడు పుట్టాడని ఊరు అనుకుంది. ఆడపిల్లనని ఆమెకు మాటలు వచ్చినప్పటినుంచీ తెలుసు. అలాంటివాళ్ళని ఆ దీవుల్లో ఫఅఫఫినే అంటారు. ప్రతి వాడలోనూ ఒకరుంటారు, ఎవరూ వింతగా చూడరు.

మొదటిరోజు మాత్రం ఈ ఇద్దరికీ గొడవే జరిగింది.

ఇయోపు పుట్టింది సమోవాలోనే అయినా పెరిగింది ఆక్లండ్‌లో. వస్తూ వస్తూ ఒక రంగుల పటం తెచ్చాడు. అందులో పుట్టినప్పటి ఒళ్ళు ఒక వృత్తం, మనసుకు తెలిసిన తాను ఇంకో వృత్తం. తొమ్మిదో తరగతి పిల్లలు గంటసేపు కిక్కురుమనకుండా విన్నారు.

“ఇలాంటి మనిషిని మీలో ఎవరైనా చూశారా?” అని అడిగాడు చివర్న.

క్లాసంతా ఘొల్లుమంది. వేళ్ళన్నీ పక్క గదివైపు లేచాయి. అక్కడ లెక్కలు చెబుతున్న ఫెటువావో చేతిలో సుద్దముక్కతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“సార్, పటం పక్కన నన్నూ మేకు కొట్టి తగిలిస్తారా?”

“అయ్యో టీచర్, నాకు తెలీదు...”

“తెలీకే గంట చెప్పారు. తెలిసుంటే సాయంత్రం దాకా వదిలేవారు కాదు!”

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

“మీ ఇళ్ళల్లో ఫఅఫఫినే ఎవరెవరికి ఉన్నారు?” పన్నెండు చేతులు లేచాయి. “ఏం చేస్తారు వాళ్ళు?”

“డాన్సులు!”

“మా బామ్మని చూసుకుంటుంది టీచర్!”

“మమ్మల్ని భలే నవ్విస్తుంది!”

“సరే. వాళ్ళకేం ఇష్టం? దేనికి ఏడుస్తారు?”

ఒక్క చెయ్యీ లేవలేదు.

“అదే ఇవాళ్టి హోంవర్క్. ఇంటికెళ్ళి అడగండి. చెప్పడం పూర్తయ్యేదాకా నవ్వకండి. నాకు అప్పజెప్పక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.”

మర్నాడు సూలియా అనే పిల్ల ఆగలేక పరిగెత్తుకొచ్చి చెప్పేసింది. “మా అత్తని అడిగాను టీచర్. ఏడ్చింది. తరవాత నాకు అరటిపండు బూరెలు వేసింది.”

ఆ సాయంత్రమే, వాన చినుకుల్లో, చామాకు నెత్తిన పెట్టుకుని ఇయోపు ఆమె ఇంటిముందు ప్రత్యక్షమయ్యాడు.

“హోంవర్క్ చెయ్యడానికొచ్చాను. మీకేం ఇష్టం?”

“నిప్పుల మీద కాల్చిన చేప. వాన. మీరు ఆ పటం చుట్టి లోపల పెట్టడం.”

“దేనికి ఏడుస్తారు?”

దానికి జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. “ఊరందరి పెళ్ళికీ పూలు కట్టేదాన్ని నేను. నేనెవరిని ప్రేమించానని ఒక్కళ్ళూ అడగలేదు,” అంది ఒకరోజు. అతను నవ్వలేదు. ఆమెకు గుండెలో ఏదో గుచ్చుకున్నదీ, హాయిగా ఉన్నదీ అప్పుడే.

ఇప్పుడు అతని చొక్కాలు తన చేత్తోనే సర్దుతోంది.

“టీచర్, వెళ్ళేలోపు ఒక సాయం. నా తరఫున ఒకింటికి రాయబారం వెళ్ళాలి.”

ఆమె చెయ్యి ఆగింది. అక్కడ కుర్రాడు తన మనసు తానే చెప్పుకోవడం మర్యాద కాదు. తిండి బుట్టతో రాయబారి వెళ్ళి, అమ్మాయి పెద్దల ముందు కూర్చుని మాట్లాడాలి. నాలుగు జంటల్ని కలిపిన నోరు ఫెటువావోది. ఆ నోటితోనే నవ్వుతూ అడిగింది.

“ఎవరండీ ఆ అదృష్టవంతురాలు? చర్చిలో సన్నగా పాడుతుందే, ఆ పిల్లా?” చొక్కా మాత్రం గుప్పిట్లో నలిగిపోయింది.

“కాదు.”

“దుకాణం వాళ్ళమ్మాయా? వాళ్ళ నాన్న కుక్కని వదుల్తాడు, ముందే చెబుతున్నా.”

“కాదు. మీ ఇల్లే.”

“మా ఇంట్లో అమ్మా నేనూ తప్ప...”

“మీ అమ్మగారిని చేసుకునేంత ధైర్యం నాకు లేదు,” అన్నాడు ఇయోపు.

ఆమె చొక్కా అతని మొహాన కొట్టింది. “మతుందా? తన కోసం తానే రాయబారం ఎవరైనా వెళ్తారా! ఇంకొకళ్ళని పంపాలి.”

“ఇంకొకళ్ళు నా మాట మోస్తారా? మీరే చెప్పండి.”

ఫఅఫఫినే కోసం పెళ్ళి మాట ఎవరూ మొయ్యరు. ఆమెకు తెలుసు. అమ్మ కాదంటే? ఆ ఒక్క మాటకు ఇల్లూ, మనిషీ రెండూ పోతాయి.

మర్నాడు సాయంత్రం ప్రార్థన అయ్యాక, చామదుంపలూ చేపల డబ్బాలూ ఉన్న బుట్టతో ఫెటువావో కన్నతల్లి మేలే ఎదుట పరాయిదానిలా బాసింపట్టు వేసుకుంది. ఇయోపు బయట వానలో నిలబడ్డాడు.

“ఏమిటే ఈ వేషం?”

“రాయబారం వచ్చానమ్మా. ఇయోపు మాస్టారి తరఫున.”

“ఎవరి కోసం?”

నాలుగు జంటల కోసం ఏరులా మాట్లాడిన ఫెటువావో బుట్టను కాస్త ముందుకు జరిపింది. “నాకోసమే అమ్మా.”

మేలే విసనకర్ర ఆపింది.

“మంచివాడేనా? రాయబారులు అబద్ధాలాడతారు.”

“చొక్కా చుట్టడం రాదు. మిగతాదంతా మంచివాడే.”

“పాస్టరు తన పెళ్ళిళ్ళ పుస్తకంలో మీ పేర్లు రాయడు.”

“తెలుసు.”

“నా ఇంట్లో మీ ఇద్దరికీ చాప వెయ్యడానికి పాస్టరుతో పనేముంది?” మేలే విసనకర్ర పక్కన పెట్టింది. “నీకెవరిష్టమే అని అడగాలని పదిహేనేళ్ళుగా అనుకుంటున్నాను, నోరు రాలేదు. నా బదులు వాడడిగాడన్నమాట. ఆ దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి. పిచ్చిదానా, వానలో నిలబెట్టావేం, పిలు!”

తడిసి ముద్దయిన ఇయోపు వంగి వంగి లోపలికొచ్చాడు. మేలే తన కంచంలో చేపని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అతని ముందు పెట్టింది.

శనివారం పడవ ఇయోపు లేకుండానే కూత పెట్టి వెళ్ళిపోయింది. ఆక్లండ్‌లో ఉన్న అతని తల్లి ఫోనులో, “నీ గది ఊడ్చి ఉంచానురా,” అని మాత్రం అంది. మరుసటి ఏడాది తనే వచ్చి, కోడలు కట్టిన పూలదండ వేసుకుని, రేవులో ఇద్దర్నీ గట్టిగా పట్టుకుని, ఒంటరిగా పడవెక్కింది.

2013 ఫిబ్రవరిలో ఏడాదికని ఆక్లండ్ విడిచిన ఇయోపు మళ్ళీ అక్కడికి తిరిగి వెళ్ళలేదు.